పాత హార్డ్ డిస్క్ తీస్తే కంప్యూటర్ లేవలేదు: పర్లాకిమిడిలో నా నెల రోజుల తంటా

2025 అక్టోబర్ 6, సోమవారం. దసరా అయ్యాక షాపు తెరిచి కంప్యూటర్ ఆన్ చేశాను. ఎక్కడి నుంచో టిక్, టిక్ అని చప్పుడు. బల్లి అనుకున్నాను. పొద్దున్నే బల్లి పలికింది, మంచి శకునమేలే అనుకుని టీ తాగి వచ్చేసరికి విండోస్ ఇంకా తిరుగుతూనే ఉంది. అప్పుడు చెవి పెట్టి వింటే బల్లి కాదు, సీపీయూ లోపలి హార్డ్ డిస్క్.

మాది డీటీపీ, జిరాక్స్ షాపు. నాన్న పెట్టింది. పర్లాకిమిడి ఆంధ్రా సరిహద్దులోని ఒడిశా ఊరు కాబట్టి సగం పని తెలుగు, సగం ఒడియా. పెళ్ళికార్డులు రెండు భాషల్లోనూ కొడతాం. పాతపట్నం వాళ్ళు మెట్టు దిగినంత దగ్గర కాబట్టి ఆంధ్రా వైపు నుంచి కూడా వస్తారు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ ఒక్క కంప్యూటర్‌లో అను ఫాంట్లు, ఆకృతి ఒడియా ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్, మూడు ప్రింటర్ల సెట్టింగులు, కట్టింగ్ మార్కులతో సహా ఏళ్ళ తరబడి సర్దుకున్న కార్డుల సైజులు అన్నీ ఉన్నాయి. "ఫార్మాట్ కొట్టేద్దాం సార్" అనే మాట వింటే నాకు కడుపులో తిప్పుతుంది.

లోపల మూడు డిస్కులున్నాయి. ఒకటి నాన్న కాలం నాటి 500 జీబీ, విండోస్ 7 రోజులది, పాత కంప్యూటర్ నుంచి తీసి ఇందులో బిగించాం, పాత కార్డుల ఫైళ్ళ కోసం. రెండోది 2019లో ఈ కంప్యూటర్ అసెంబుల్ చేయించినప్పుడు వచ్చిన 1 టీబీ. మూడోది 2021లో వేయించిన, తిరిగే బిళ్ళ లేని కొత్తరకం 240 జీబీ ఎస్‌ఎస్‌డీ, విండోస్ 10 ఉన్నది ఇందులోనే. టిక్ టిక్ అంటున్నది మధ్యది, 1 టీబీ. డిస్కు ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో పెట్టి చూస్తే దాని పక్కన పసుపు రంగులో కాషన్ అని ఉంది, పెండింగ్ సెక్టార్ల (చదవడం కష్టమైన చోట్ల) లైను కూడా పసుపే. ఎస్‌ఎస్‌డీ నీలం రంగులో హాయిగా ఉంది. సరే, విండోస్ ఎస్‌ఎస్‌డీలో ఉంది కదా, 1 టీబీలో ఉన్న ఫైళ్ళు బయటికి కాపీ చేసుకుని దాన్ని పీకేస్తే సరిపోతుంది అనుకున్నాను. ఎవరైనా అలాగే అనుకుంటారు.

కాపీకే రెండు రాత్రులు పట్టింది. బరంపురం నుంచి 2 టీబీ బయటి డిస్క్ తెప్పించాను, 6,200 రూపాయలు. మామూలుగా కాపీ పేస్ట్ చేస్తే ఒక పాడైన ఫైలు దగ్గరికి రాగానే మొత్తం ఆగిపోతోంది. విండోస్‌లోనే ఉండే రోబోకాపీ అనే కమాండ్ వాడమని మా మేనల్లుడు చెప్పాడు, వాడు విశాఖలో ఉద్యోగం చేస్తున్నాడు. మొదటి రాత్రి వాడు చెప్పిన దాంట్లో సగమే విని పెట్టి ఇంటికి వెళ్ళిపోయాను. పొద్దున వచ్చి చూస్తే ఒకే ఒక ఫైలు దగ్గర కూర్చుని ఉంది. తర్వాత తెలిసింది, రోబోకాపీకి మనం ఏమీ చెప్పకపోతే చదవలేని ఫైలు కోసం పది లక్షల సార్లు ప్రయత్నిస్తుందట, ప్రతిసారీ 30 సెకన్లు ఆగి. దాని ఓపికకి దండం. ఒక్కసారే ప్రయత్నించు, ఒక్క సెకనే ఆగు అని చివర రెండు ఆప్షన్లు పెట్టాలి. రెండో రాత్రికి అవి పెట్టాను, తెల్లారేసరికి 38 ఫైళ్ళు తప్ప అన్నీ వచ్చేశాయి. ఆ 38లో ఎక్కువ 2020 నాటి విజిటింగ్ కార్డులే, పోతే పోయాయి.

అక్టోబర్ 9, గురువారం మధ్యాహ్నం. షాపులో గిరాకీ తక్కువని పక్క ప్లేటు విప్పి, 1 టీబీ డిస్కుకి ఉన్న రెండు కేబుళ్ళూ పీకి, ఆన్ చేశాను.

నల్లటి స్క్రీన్. కొద్దిసేపటికి మధ్యలో నాలుగు రంగుల వెలుగు చుక్కలు తిరుగుతూ దగ్గరికి వచ్చి కిటికీ బొమ్మగా మారాయి. కింద స్టార్టింగ్ విండోస్ అని. విండోస్ 7! ఎనిమిదేళ్ళ కింద చూసిన బొమ్మ. నాన్న పొద్దున్నే అగరొత్తి వెలిగించి ఆన్ చేసి, ఆ బొమ్మ వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడేవారు. ఒక్క క్షణం నిజంగా ఒళ్ళు జలదరించింది. మరుక్షణం నీలం స్క్రీన్ ఒకటి మెరిసి మాయమైంది, మళ్ళీ మొదటి నుంచి, మళ్ళీ అదే బొమ్మ, మళ్ళీ నీలం. ఏ డిస్కు నుంచి లేపాలో ఎంచుకునే బూట్ మెనూలోకి వెళ్ళి ఎస్‌ఎస్‌డీని నేనే ఎంచుకుంటే ఇంకా ఘోరం, సరైన బూట్ డివైస్ పెట్టు అని ఇంగ్లీషులో ఒక లైను, అంతే.

అదే సమయానికి పాతపట్నం పెద్దాయన ఒకరు ప్రూఫు చూసుకోడానికి వచ్చి కూర్చున్నారు, కార్తీకంలో కూతురి పెళ్ళి. ఆయన వెనకే మా షాపులో పనిచేసే ఒడియా కుర్రాడు, "భాయినా, హెలా కి?" (అన్నా, అయిందా?) అని. ఏం హెలా, నా తలకాయ హెలా. చేతులు వణుకుతూనే 1 టీబీ కేబుళ్ళు మళ్ళీ పెట్టాను. టిక్ టిక్ అంటూనే విండోస్ 10 లేచింది. ప్రూఫు చూపించి ఆయన్ని పంపేసి, గ్లాసుడు నీళ్ళు తాగాను.

మర్నాడు ఊళ్ళో ఒక కంప్యూటర్ మెకానిక్‌కి చూపించాను. పేరెందుకులెండి. రెండు నిమిషాలు చూసి, "విండోస్ కరప్ట్ అయింది, ఫార్మాట్ చేయాలి, 1,500" అన్నాడు. కరప్ట్ అయితే ఇప్పుడు ఎలా నడుస్తోందయ్యా అంటే దానికి జవాబు లేదు. 2021లో ఎస్‌ఎస్‌డీ వేసింది కూడా ఇలాంటి మనిషే, ఆయనా పేరు లేకుండానే ఉంటాడు ఈ కథలో.

ఆ రాత్రి మేనల్లుడు ఫోన్లో, "మావయ్యా, డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి ఫొటో తీసి పంపు" అన్నాడు. పంపాను. పది సెకన్లకే నవ్వాడు. "మావయ్యా, నీ ఇల్లు పర్లాకిమిడిలో ఉంది, తాళంచెవి పాతపట్నంలో ఉంది."

విషయం ఏమిటంటే, ఎస్‌ఎస్‌డీ మీద ఉన్న సి డ్రైవ్ పక్కన బూట్, పేజ్ ఫైల్, క్రాష్ డంప్ అని ఉంది. 1 టీబీ డిస్కు మొదట్లో డ్రైవ్ అక్షరం కూడా లేని ఒక చిన్న ముక్క (పార్టిషన్) ఉంది, సిస్టమ్ రిజర్వ్‌డ్ అని, దాని పక్కన సిస్టమ్, యాక్టివ్ అని. నేను ఇన్నాళ్ళూ సి పక్కన బూట్ అని చూసి, బూట్ అయ్యేది ఇక్కడి నుంచే అనుకున్నాను. కాదట. మైక్రోసాఫ్ట్ వాళ్ళు పేర్లు తిరగేసి పెట్టారు. కంప్యూటర్ లేవడానికి కావలసిన ఫైళ్ళున్న పార్టిషన్‌ని సిస్టమ్ అంటారు, విండోస్ సిస్టమ్ మొత్తం ఉన్నదాన్ని బూట్ అంటారు. ఈ పేర్లు పెట్టిన వాళ్ళని మా షాపులో ఒక వారం కూర్చోబెట్టాలి.

2021లో ఎస్‌ఎస్‌డీలో విండోస్ వేసేటప్పుడు ఆ మనిషి మిగతా డిస్కులు తీయలేదు. విండోస్ ఇన్‌స్టాలర్, అప్పటికే ఒక డిస్కులో యాక్టివ్ సిస్టమ్ పార్టిషన్ ఉంటే, కొత్తది తయారు చేయకుండా తన బూట్ ఫైళ్ళు అందులోనే పడేస్తుంది. ఒక్క మాట అడగదు. అందుకే నాలుగేళ్ళుగా ప్రతి పొద్దున్నా విండోస్ 10, విండోస్ 10 అని ఒకే పేరు రెండుసార్లు ఉన్న మెనూ వచ్చి 30 సెకన్లు ఆగేది. అదేదో మామూలే అనుకుని ఎంటర్ కొట్టేవాణ్ణి. లక్షణం కళ్ళముందే ఉంది. 1 టీబీ తీసేస్తే బయాస్ (ఆన్ చేయగానే మొదట నడిచే, బోర్డులోని చిన్న ప్రోగ్రాం) తర్వాతి డిస్కుకి వెళ్ళింది, అదేమో నాన్న 500 జీబీ, దాని 100 ఎంబీ సిస్టమ్ రిజర్వ్‌డ్ దానికుంది, అందుకే విండోస్ 7 లేవబోయి, ఈ కొత్త మదర్‌బోర్డు దానికి తెలియక నీలం కొట్టింది.

ఇక వైద్యం. దీనికి విండోస్ 10 ఇన్‌స్టాల్ పెన్ డ్రైవ్ కావాలి. 16 జీబీది కొన్నాను, 380 రూపాయలు. దించుకోవాల్సింది నాలుగు జీబీ పైనే, నా ఫోన్ ప్లానులో రోజుకి 2 జీబీ. సగంలో ఆగిపోయింది. చివరికి శనివారం పాతపట్నంలో ఫైబర్ ఉన్న స్నేహితుడి ఇంటికి బండి మీద వెళ్ళి, వాళ్ళావిడ పెట్టిన పకోడీలు తింటూ ఒక గంటలో పని పూర్తి చేసుకున్నాను. తాళంచెవి పాతపట్నంలో ఉందని వాడు ఏ నోటితో అన్నాడో.

అక్టోబర్ 12, ఆదివారం షాపు మూసి కూర్చున్నాను. ముందు బ్యాకప్, అది లేకుండా కీబోర్డు ముట్టుకోకు అని మేనల్లుడు ఒట్టు వేయించుకున్నాడు. ఇంకో పెన్ డ్రైవ్‌లో డిస్కు నకలు తీసే క్లోనెజిల్లా పెట్టి, ఎస్‌ఎస్‌డీ మొత్తాన్ని బయటి డిస్కులోకి ఇమేజ్ తీశాను. నల్ల స్క్రీన్ మీద అక్షరాలతో అడిగే ప్రశ్నలు చూస్తే భయమేస్తుంది గానీ, ఎటు నుంచి ఎటు అన్నది ఒక్కటి జాగ్రత్తగా చదివితే చాలు. 45 నిమిషాలు.

తర్వాత నేను చేసిన తెలివితక్కువ పని చెబుతాను. వాడికి ఫోన్ చేయకుండా, నెట్‌లో చూసింది సొంతంగా కొట్టాను. పెన్ డ్రైవ్ నుంచి లేపి, షిఫ్ట్ ఎఫ్10 నొక్కితే కమాండ్ విండో వస్తుంది. బూట్‌రెక్ ఫిక్స్‌బూట్ కొడితే యాక్సెస్ ఈజ్ డినైడ్. బీసీడీబూట్ కొడితే బూట్ ఫైళ్ళు కాపీ చేయలేకపోయాను అంది. నా కంప్యూటర్‌లో నాకే యాక్సెస్ లేదట! అరగంట కొట్టిందే కొట్టాను. చివరికి సి డ్రైవ్‌లో ఏముందో చూపించమంటే విండోసే లేదు అందులో. పెన్ డ్రైవ్ నుంచి లేచినప్పుడు డ్రైవ్ అక్షరాలు మారిపోతాయి. అక్కడ సి అంటే నాన్న డిస్కులోని ముక్క. నా విండోస్ ఎఫ్ అయి కూర్చుంది. ఇంకా నయం, ఏదీ చెరపలేదు.

అప్పుడు ఫోన్ చేశాను. తిట్లు తిన్నాక అసలు పని మొదలైంది. మొదట కంప్యూటర్ ఆపి, 500 జీబీ, 1 టీబీ రెండిటి కేబుళ్ళూ తీసేయమన్నాడు. లోపల ఎస్‌ఎస్‌డీ ఒక్కటే. దాన్ని ఆ పాత మనిషి మరలు కాకుండా రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించాడని అప్పుడే చూశాను, వేడికి టేపు కరిగి అది వేలాడుతోంది. ఒక్క డిస్కే ఉంటే అక్షరాల గందరగోళం ఉండదు, పొరపాటున ఇంకోదాన్ని చెరిపే ప్రమాదమూ లేదు. మళ్ళీ పెన్ డ్రైవ్ నుంచి లేపాను. వాడు ఫోన్లో చెబుతుంటే నేను టైపు చేస్తున్నాను. "డిస్క్‌పార్ట్ అని కొట్టు. ఇప్పుడు లిస్ట్ డిస్క్. 223 జీబీ ఉన్నది ఏ నంబరు?" 240 అని కొన్నది అక్కడ 223గా కనిపిస్తుంది, 500 అయితే 465, 1 టీబీ అయితే 931, కాబట్టి నంబరు కాకుండా సైజు చూసుకోమని వాడి మాట. ఆ డిస్కుని సెలెక్ట్ చేసి, పార్టిషన్ సెలెక్ట్ చేసి, యాక్టివ్ అని కొట్టాను. బయటికి వచ్చి బీసీడీబూట్. "స్పేస్ ఇవ్వు మావయ్యా. సి. కోలన్. ఎడమకి వాలిన గీత." ఏ గీతరా? "ఎంటర్ పైన ఉంటుంది చూడు." విండోస్. స్పేస్. మామూలు గీత, ఎస్, స్పేస్, సి, కోలన్. స్పేస్. గీత, ఎఫ్, స్పేస్, బయాస్. ఎంటర్.

బూట్ ఫైళ్ళు విజయవంతంగా తయారయ్యాయి అని ఒక్క లైను.

బూట్‌రెక్ ఫిక్స్‌ఎంబీఆర్ కూడా ఒకసారి కొట్టించి, పెన్ డ్రైవ్ తీసి, రీస్టార్ట్. పాత మెనూ లేదు, 30 సెకన్ల ఆగడం లేదు, టిక్ టిక్ లేదు. నేరుగా డెస్క్‌టాప్. అను కీబోర్డు తెరిచి అమ్మ అని కొట్టి చూశాను, వచ్చింది. మూడు రోజుల టెన్షన్‌కి మందు ఐదు లైన్లు.

ఇక్కడితో ఆపేయొచ్చు. కానీ అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ముగిసింది. నా బోర్డు, ఎనిమిదో తరం ఐ3 ప్రాసెసర్ విండోస్ 11కి పనికొస్తాయి గానీ, డిస్కులో ముక్కల లెక్క రాసుకునే పద్ధతి పాతది, ఎంబీఆర్; బయాస్ కూడా లెగసీ అనే పాత పద్ధతిలో ఉంది. విండోస్ 11కి వాటి కొత్త రూపాలు కావాలి, బయాస్‌కి యూఈఎఫ్ఐ, డిస్కుకి జీపీటీ. 2019లో కొత్త బోర్డు మీద కూడా పాత అలవాటు కొద్దీ లెగసీలోనే వేసేశారు. ఇది ఫార్మాట్ లేకుండా మార్చడానికి విండోస్‌లోనే ఎంబీఆర్‌టూజీపీటీ అని ఒక టూల్ ఉంది, 2017 నుంచీ. దీన్ని నేను పదో తారీఖునే ఒకసారి పరీక్షించాను, అప్పుడు డిస్క్ లేఅవుట్ వ్యాలిడేషన్ ఫెయిల్ అంది. కారణం అదే, ఎస్‌ఎస్‌డీ మీద యాక్టివ్ పార్టిషన్ లేదు. తాళంచెవి ఇంటికి తెచ్చుకున్నాక మళ్ళీ పరీక్షిస్తే వ్యాలిడేషన్ పూర్తయింది అంది. ఈ రెండు జవాబుల మధ్య తేడా చూశాక గానీ నాకు మొత్తం సంగతి బుర్రకెక్కలేదు.

పరీక్ష పాసైనా అసలు మార్పిడికి నాకు ధైర్యం చాలలేదు. దీపావళి అయ్యాక అన్నాను. దీపావళి అయ్యాక నాగుల చవితి అయ్యాక అన్నాను. అక్టోబర్ 26 ఆదివారం మేనల్లుడే ఫోన్ చేసి కూర్చోబెట్టాడు. మళ్ళీ ఇమేజ్ తీశాను. యూపీఎస్ బ్యాటరీ పది నిమిషాలే నిలుస్తుందని, మధ్యలో కరెంటు పోతే ఏమిటని వంద ప్రశ్నలు అడిగాను. కన్వర్ట్ అని కొట్టాను. గోడ గడియారం వైపు చూశాను. మళ్ళీ స్క్రీన్ చూసేసరికి అయిపోయింది. నిమిషం కూడా పట్టలేదు. దీనికి నేను రెండు వారాలు వాయిదా వేశాను!

చివర ఒక హెచ్చరిక లైను ఉంటుంది, ఇక ఫర్మ్‌వేర్‌ని, అంటే బయాస్‌ని, యూఈఎఫ్ఐకి మార్చకపోతే సిస్టమ్ లేవదు అని. బయాస్‌లోకి వెళ్ళి, పాత లెగసీ పద్ధతిని నడిపించే సీఎస్ఎం అన్నది డిజేబుల్ చేశాను. బూట్ లిస్టులో డిస్కుల కంపెనీ పేర్లు పోయి విండోస్ బూట్ మేనేజర్ అని ఒక్కటే పేరు వచ్చింది. లేచింది. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే ఎస్‌ఎస్‌డీలో సి పక్కన 100 ఎంబీ కొత్త ముక్క ఒకటి, ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ అని. నాన్న 500 జీబీ తిరిగి తగిలించాను. అది ఎంబీఆర్ డిస్కు కదా, చదువుతుందో లేదో అని భయపడ్డాను. ఫైళ్ళు పెట్టుకునే డిస్కు ఏ పద్ధతిలో ఉన్నా పరవాలేదట, లేపే డిస్కుకే ఈ గొడవ. చక్కగా తెరుచుకుంది.

సోమవారం హాయిగా పని చేసుకున్నాను. అప్పటికే మొంథా తుపాను వార్తలు. మంగళవారం 28న మధ్యాహ్నానికే వాన, గాలి. షాపులో ప్లగ్గులన్నీ గోడ నుంచి పీకేసి షట్టర్ దించాను. ఆ రాత్రే అది ఆంధ్రా తీరం దాటింది, మా వైపు కూడా వానలు దంచాయి. 31న శుక్రవారం వచ్చి ప్లగ్గు పెట్టి ఆన్ చేశాను.

సరైన బూట్ డివైస్ పెట్టు. అదే లైను.

కాళ్ళలో బలం పోయి స్టూలు మీద కూర్చుండిపోయాను. తడి చేరిందా, ఎస్‌ఎస్‌డీ పోయిందా, పెళ్ళికార్డులు ఆరు ఆర్డర్లు చేతిలో ఉన్నాయి. మా కుర్రాడు "భాయినా, ఆ పాత డిస్కు మళ్ళీ పెట్టండి, అదే బాగుండేది" అన్నాడు. వాణ్ణి టీకి పంపించాను. బయాస్‌లోకి వెళ్తే పైన తేదీ 2018 జనవరి 1 అని ఉంది. అది చూశాక ఊపిరి వచ్చింది. బోర్డు మీద గుండ్రటి బటన్ సెల్ అయిపోయింది. ఇన్నాళ్ళూ ప్లగ్గు ఎప్పుడూ పెట్టే ఉండేది కాబట్టి తెలియలేదు, మూడు రోజులు కరెంటు లేకపోయేసరికి బయాస్ అన్నీ మర్చిపోయి ఫ్యాక్టరీ సెట్టింగులకి వెళ్ళిపోయింది. మా బోర్డులో ఫ్యాక్టరీ సెట్టింగ్ అంటే లెగసీ. జీపీటీ డిస్కుని లెగసీలో లేపమంటే ఎలా లేస్తుంది. సెల్ 40 రూపాయలు, వాచీల షాపులోనే దొరికింది. సీఎస్ఎం మళ్ళీ డిజేబుల్ చేశాను, ఆ బయాస్ పేజీ ఫొటో తీసి ప్రింటు వేసి సీపీయూ పక్కన అతికించాను.

నవంబర్ 2న పని కోసం లోపల కొత్త 2 టీబీ డిస్కు బిగించాను, 5,800. ఇక్కడ ఇంకో గండం తప్పింది. కొత్త డిస్కుని డిస్క్‌పార్ట్‌లో శుభ్రం చేసి జీపీటీ చేద్దామని, డిస్క్ 1 అని నోటికి వచ్చిన అలవాటుతో సెలెక్ట్ చేసి, క్లీన్ అనే ఐదు ఇంగ్లీషు అక్షరాలు కొట్టి ఎంటర్ మీద వేలు పెట్టాక, పైన లిస్టులో 1863 జీబీ ఎదురుగా 0 అని కనిపించింది. డిస్క్ 1 ఎదురుగా 465. నాన్న డిస్కు! కొత్తది తగిలించిన సాటా పోర్టు (బోర్డు మీద డిస్కు కేబుల్ పెట్టే చోటు) ముందుది కాబట్టి నంబర్లన్నీ జరిగాయి. వేలు తీసి, వెనక్కి చెరిపి, కంప్యూటర్ ఆపి, 500 జీబీ కేబుల్ పీకి అప్పుడు మొదలుపెట్టాను. క్లీన్ అనే కమాండ్ ఖాయమేనా అని అడగదు, ఎంటర్ కొడితే అంతే. ఆదివారం కాబట్టి నేను ఒక్కణ్ణే ఉన్నాను, ఎవరితోనైనా మాట్లాడుతూ ఉంటే కొట్టేసేవాణ్ణే.

ఖర్చు లెక్క వేస్తే బయటి డిస్కు 6,200, లోపలిది 5,800, పెన్ డ్రైవులు రెండూ కలిపి 760, సాటా కేబుల్ 80, సెల్ 40, ఎస్‌ఎస్‌డీ బిగించే బ్రాకెట్ 150. మొత్తం 13,030. డిస్కులు తీసేస్తే అసలు రిపేరుకి అయింది వెయ్యి పైచిలుకు. మెకానిక్ అడిగిన 1,500 కంటే తక్కువే, కాకపోతే నా నాలుగు ఆదివారాలు, బీపీ లెక్కలో లేవు.

విండోస్ 11 ఇంకా వేయలేదు. మేనల్లుడు వేసేయమంటున్నాడు, విండోస్ 11 అడిగే భద్రతా సెట్టింగులు టీపీఎం, సెక్యూర్ బూట్ కూడా ఆన్ చేయించాడు, పరీక్షించే యాప్‌లో అన్నీ పచ్చ టిక్కులే. కానీ నవంబర్ నెలాఖరున మూఢం వస్తోంది, దానికి ముందే పెళ్ళిళ్ళన్నీ కానిచ్చేయాలని జనం తొందర, ఈ సమయంలో పేజ్‌మేకర్ మొరాయిస్తే నన్నే పెళ్ళి మండపానికి లాక్కెళ్తారు. ఒక ఏడాది అదనపు అప్‌డేట్ల పథకంలో చేరిపోయాను, 2026 అక్టోబర్ దాకా వస్తాయట. మూఢంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి అప్పుడు విండోస్ 11కి ముహూర్తం.

టిక్ టిక్ డిస్కు మిగిలింది. పాత సామాన్ల వాడికి ఇచ్చేద్దామనుకుని ఆగిపోయాను, అందులో ఎంతమంది ఆధార్ స్కాన్లు ఉన్నాయో, ఎన్ని పట్టాల కాపీలు ఉన్నాయో దేవుడికే తెలుసు. విప్పుదామంటే మామూలు స్క్రూడ్రైవర్ పట్టదు, నక్షత్రం ఆకారం మరలు, అందుకోసం ఇంకో 120. లోపల వెండి పళ్ళెంలా ఒక బిళ్ళ, మొహం కనిపించేంత మెరుపు. వేలుముద్ర పడగానే మసక బారింది. వెనుకవైపు మేకుతో నాలుగు గీతలు గట్టిగా గీసేశాను, రెండో వైపు కూడా గీయబోతుంటే మా అమ్మాయి లాక్కుంది. గీతలు పడని చోట ఇంకా చదవగలరని మేనల్లుడు బెదిరిస్తున్నాడు గానీ, ఆ బిళ్ళ ఎదురుగా నిలబడి అమ్మాయి బొట్టు దిద్దుకుంటోంది, ఇప్పుడు అడిగినా ఇవ్వదు.